అక్క స్కోరుబుక్కు

టాంపా నుంచి తూర్పుకి ఇంటర్‌స్టేట్ 4 పట్టుకుని వెళ్తే అరగంటలో ఊరి వాసన పోతుంది. అప్పటిదాకా గోడౌన్లు, కార్ల షోరూములు, టైర్ల కొట్లు. డోవర్ దగ్గర దిగేసరికి నల్ల ప్లాస్టిక్ పరిచిన పొడవాటి మట్టి గట్లు, మధ్యలో బూడిదరంగు ఇసుక. అన్నీ స్ట్రాబెర్రీ పొలాలే. చలికాలంలో అమెరికా తినే స్ట్రాబెర్రీల్లో చాలా భాగం ఈ చుట్టుపక్కల పండినవే. పక్కనే ఉన్న ప్లాంట్ సిటీలో 1930లో మొదలైన స్ట్రాబెర్రీ పండుగ ఇంకా నడుస్తోంది. మేం వెళ్లింది ఏప్రిల్‌లో కాబట్టి కాపు దాదాపు అయిపోయింది. కొన్ని చేలల్లో మొక్కలు వాడి ఉన్నాయి, కొన్నిటిలో అదే ప్లాస్టిక్‌కి కన్నాలు పొడిచి కూరగాయలు వేసేశారు.

కారు నడుపుతున్నది మా బావ. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే ఉంటున్నాడు, ఏ రోడ్డెక్కినా ఒక కథ చెబుతాడు. 2010 జనవరిలో పదకొండు రోజులు వరసగా చలి గడ్డకట్టించిందట. మొక్కల్ని కాపాడుకోడానికి రైతులంతా రాత్రిళ్లు బోర్లు వేసి నీళ్లు చిమ్మారు. పువ్వు మీద మంచు పొర కడితే లోపల పువ్వు బతుకుతుంది, అదీ కిటుకు. కానీ అడుగున సున్నపురాయి నేల. నీటిమట్టం ఒక్కసారిగా పడిపోయేసరికి ఈ ప్రాంతంలో సుమారు 140 చోట్ల నేల గుంటలు పడి కుంగిపోయింది. "పంట నిలబడింది, రోడ్డు పడిపోయింది" అన్నాడు బావ.

ఆ పొలాల మధ్యే ఒక హైస్కూలు. పేరు కూడా పంటదే, స్ట్రాబెర్రీ క్రెస్ట్. 2009లో తెరిచారు. బావ కారు నెమ్మది చేసి, "అర్జున్ ఆడింది ఇక్కడే" అన్నాడు. ఇంటిపేరు చెప్పాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు. అర్జున్ నిమ్మల. 2023 జులైలో, జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో టొరంటో బ్లూ జేస్ జట్టు 20వ ఎంపికగా తీసుకున్న షార్ట్‌స్టాప్. అప్పటికి పదిహేడేళ్లు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి ఆడతానని ముందే మాటిచ్చినవాడు, చివరికి ప్రొఫెషనల్ దారే పట్టాడు. బ్లూ జేస్ కెనడా జట్టయినా 1977 నుంచీ వాళ్ల వసంతకాలపు శిక్షణంతా టాంపాకి పడమటి పక్క డనీడిన్‌లో. అంటే ఆ అబ్బాయి ప్రొఫెషనల్ అయ్యాక తొలి రోజుల్లో ఆడిన మైదానం, ఇంటి నుంచి కారులో పోయి వచ్చేంత దూరంలోనే ఉంది. టాంపా చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఒకప్పుడు మన పిల్లలు స్పెల్లింగ్ బీ గెలిస్తే చెప్పుకునేవాళ్లు, ఇప్పుడు డ్రాఫ్ట్ నంబరు చెప్పుకుంటున్నారు.

మా మేనల్లుడు చదివేది ఆ స్కూల్లో కాదు, అదే కౌంటీలో మరో పబ్లిక్ స్కూల్లో. వాడి పన్నెండో తరగతి ముగుస్తోంది. ఆఖరి హోమ్ గేమ్‌కి 'సీనియర్ నైట్' జరుపుతారు, మేనమామవి, నువ్వుండాల్సిందే అని అక్క పట్టుబట్టింది. నాకు బేస్‌బాల్ అప్పటికి అంతంతమాత్రం. క్రికెట్ చూసి పెరిగినవాడికి, బంతి నేల తాకకుండా రావడమూ, ఫౌల్ కొట్టినవాడు ఇంకా నిలబడే ఉండటమూ అంత తొందరగా ఒంటబట్టవు.

వార్సిటీ అంటే స్కూలు పేరు మోసే అసలు జట్టు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు తరగతులకూ కలిపి ఒకటే. దాని కింద జూనియర్ వార్సిటీ, అందరూ జేవీ అంటారు. తొమ్మిదిలో చేరినవాడు మామూలుగా జేవీలో ఏడాదో రెండేళ్లో ఉండి, పదకొండులోకి వచ్చాక పైకి ఎక్కుతాడు. తొమ్మిదో తరగతిలోనే వార్సిటీలో చోటు దొరకడం అరుదు. ఎందుకో మైదానం కొలతలు చూస్తే తెలుస్తుంది. పన్నెండేళ్ల దాకా లిటిల్ లీగ్‌లో పిచర్‌కీ బ్యాటర్‌కీ మధ్య 46 అడుగులు, బేసుకీ బేసుకీ మధ్య 60. హైస్కూల్లో అవి 60 అడుగుల 6 అంగుళాలు, 90 అడుగులు. కోట్ల జీతాలు తీసుకునేవాళ్లు ఆడే మైదానమూ అంతే. మీసం రాని పద్నాలుగేళ్ల వాడు అందులో నిలబడి, గడ్డం గీసుకొచ్చిన పద్దెనిమిదేళ్ల వాడి బంతి ఎదుర్కోవాలి. న్యూయార్క్, అలబామా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఏడూ ఎనిమిది తరగతుల పిల్లలకి కూడా వార్సిటీకి దారి ఉంది, అలాంటి చోట అయిదారేళ్ల కెరీర్లు కూడా ఉంటాయి.

మావాడు నాలుగేళ్లూ వార్సిటీలోనే ఉన్నాడు. ఈ మాట అక్క ఫోన్లో చెప్పినప్పుడల్లా వాడేదో హీరో అనుకున్నాను. అసలు కథ టాంపాలో వాడే చెప్పాడు, కారు వెనక సీట్లో పొద్దుతిరుగుడు గింజలు నములుతూ.

"మొదటి ఏడు నేను బ్యాటే పట్టలేదు మావయ్యా. క్యాచర్ బేస్ మీదికొస్తే వాడి బదులు పరిగెత్తేవాణ్ణి. అంతే."

హైస్కూలు నియమాల్లో అలా ఒక సౌకర్యం ఉంది, కర్టసీ రన్నర్. ఇన్నింగ్స్ అంతా గొంతుక్కూర్చుని వంగి లేచే క్యాచర్‌కి, చెయ్యి కాపాడుకోవాల్సిన పిచర్‌కి, బదులుగా ఇంకొకడు పరిగెత్తచ్చు. ఒకటే షరతు, ఆ పరిగెత్తేవాడు ఆ ఆటలో వేరే పాత్రలో దిగి ఉండకూడదు. అంటే మావాడి మొదటి ఏడాది అర్హతంతా ఆడకపోవడమే. రెండో ఏడాది సెకండ్ బేస్ దగ్గర ఎవడికైనా దెబ్బ తగిలితే దిగేవాడు. మూడో ఏడాది నుంచి ఆ చోటు వాడిది. మైక్‌లో 'నాలుగేళ్ల వార్సిటీ ఆటగాడు' అన్నప్పుడు ఇదంతా కలిపే అంటారు. అందులో మోసమేమీ లేదని నాకనిపించింది. బెంచీ మీద కూర్చుని కూడా ప్రాక్టీసు ఎగ్గొట్టకుండా ఉండటమే ఈ వయసులో ఎక్కువ కష్టం.

టాంపాలో ఈ లెక్కలు తలకిందులైన కథలూ ఉన్నాయి. ఫ్రెడ్ మెగ్రిఫ్‌ని జెఫర్సన్ హైస్కూలు జట్టులోకి పదో తరగతిలో తీసుకోలేదు. తరవాత మేజర్ లీగుల్లో 493 హోమ్ రన్లు కొట్టి 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. వేడ్ బోగ్స్ ప్లాంట్ హైస్కూలు కుర్రాడు, 1976లో ఏడో రౌండు దాకా ఎవరూ ఎంచుకోలేదు, కెరీర్ ముగిసేసరికి 3,010 హిట్లు. నాకు బాగా నచ్చింది మాత్రం హిల్స్‌బరో హైస్కూలు మేనమామ, మేనల్లుళ్ల జోడీ. డ్వైట్ గూడెన్ 1982లో అయిదో ఎంపిక, గ్యారీ షెఫీల్డ్ 1986లో ఆరో ఎంపిక. గూడెన్ అక్క కొడుకే షెఫీల్డ్. ఇద్దరికీ నాలుగేళ్ల తేడా. ఆ మేనమామ విసిరిన బంతులెదుర్కుంటూ పెరిగినవాడికి బయటి పిచర్లు ఏం లెక్క? "నువ్వూ ఉన్నావు, ఎందుకూ?" అని అక్క నావైపు చూసింది.

సీనియర్ నైట్‌కి ముందు బావ ఈబోర్ సిటీకి తీసుకెళ్లాడు. టాంపాలో ఒకప్పటి చుట్టల పేట. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో క్యూబా, స్పెయిన్, ఇటలీల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చుట్టలు చుట్టేవాళ్లు. పని చేస్తుండగా ఒక మనిషి ఎత్తు పీట మీద కూర్చుని వాళ్లకి వార్తాపత్రికలు, నవలలు చదివి వినిపించేవాడు. ఆ పేటలో ఒక చిన్న చెక్క ఇల్లు ఇప్పుడు బేస్‌బాల్ మ్యూజియం. 1908లో పుట్టిన ఆల్ లోపెజ్ ఉన్న ఇల్లది. తండ్రి స్పెయిన్ నుంచి వచ్చిన చుట్టల కార్మికుడు. పిల్లాడు పదహారో ఏట చదువు మానేసి టాంపా స్మోకర్స్ అనే జట్టులో చేరాడు. టాంపాలో పుట్టి మేజర్ లీగుల్లో ఆడినవాళ్లలో మొదటివాడు, తరవాత మేనేజరయ్యాడు, 1977లో హాల్ ఆఫ్ ఫేమ్. వార్సిటీ కెరీర్ మాత్రం లేదు. ఆ ఇంట్లో ఆట జీతం కోసం మొదలైంది. సంపాదన అవసరం లేకుండా పిల్లాణ్ణి నాలుగేళ్లు మైదానంలో వదిలిపెట్టడం ఒక తరం తరవాతి సుఖం. మా బావ కూడా ఆ సుఖం కొనుక్కోడానికే ఇరవై ఏళ్లు కంప్యూటరు ముందు కూర్చున్నాడని, ఆ వసారాలో నిలబడి ఉండగా తోచింది. పైకి అనలేదు.

కొనుక్కోవడం అన్నది ఉత్తమాట కాదు. స్కూలు జట్టుకి పెద్దగా ఖర్చుండదు. డబ్బు పోయేది వేసవిలో ఆడే ట్రావెల్ బాల్‌కి. ఊరూరా టోర్నమెంట్లు, హోటళ్లు, వేరే కోచ్‌కి గంటకింత, నాలుగైదు వందల డాలర్ల బ్యాటు, ఏడాది తిరక్కుండా పిల్లాడు పెరిగిపోయి ఇంకో బ్యాటు. పైగా పేరు మాత్రం కాలేజీ స్కాలర్‌షిప్పు. ఇక్కడ నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే వందమందిలో కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ జట్ల దాకా పోయేది ఏడెనిమిది మంది. మొదటి డివిజన్ జట్టుకి చాలా ఏళ్లు మొత్తం 11.7 స్కాలర్‌షిప్పులే ఇచ్చేవాళ్లు, అవే 27 మందికి ముక్కలు చేసి పంచేవాళ్లు. 2025–26 నుంచి కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ లెక్క పోయి, జట్టులో 34 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. ఖర్చు పెట్టినంతా బ్యాంకులో వేసుకుంటే ఫీజుకి అదే సరిపోయేదని బావ కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, మర్నాడు పొద్దున్నే బకెట్ తీసుకుని మైదానానికి పోతాడు.

ఆ బకెట్ గురించి చెప్పాలి. బంతులు పోసుకునే ప్లాస్టిక్ బకెట్, మూత మీద మెత్త. కొడుకు విసిరే బంతులు పట్టే తండ్రులంతా దాని మీదే కూర్చుంటారు. బావ బకెట్ మెత్త ఒక పక్క చిరిగి, టేపు వేసి ఉంది. అయిదో ఏట మొదలుపెట్టించిన పిల్లాడి బంతి, పదమూడో ఏటికి ఆయన పట్టలేనంత వేగం అందుకుంది. అప్పటి నుంచి బకెట్ మీద కూర్చోవడమే, పట్టేది ఇంకెవరో.

ఇక అక్క. గుంటూరులో బీకాం చదివి, అమెరికా వచ్చాక ఆడిటింగ్ చేసే మనిషి. కొడుకు తొమ్మిదో తరగతిలో, ఊరికే కూర్చోలేక, స్కోరు రాయడం నేర్చుకుంది. చుట్టూ అందరూ గేమ్‌చేంజర్ యాప్‌లో వేళ్లతో నొక్కుతుంటే తను పెన్సిలూ రబ్బరూ పెట్టుకుని రాస్తుంది. ప్రతి బ్యాటర్‌కీ ఇన్నింగ్స్‌కొక గడి, గడి మధ్యలో చిన్న వజ్రం గీత. మైదానంలో తొమ్మిది చోట్లకీ అంకెలుంటాయి. పిచర్ ఒకటి, క్యాచర్ రెండు, ఫస్ట్ బేస్ మూడు, సెకండ్ నాలుగు, థర్డ్ అయిదు, షార్ట్‌స్టాప్ ఆరు. షార్ట్‌స్టాప్ పట్టి, సెకండ్ బేస్‌కి ఇచ్చి, అక్కడి నుంచి ఫస్ట్‌కి విసిరి ఇద్దర్ని అవుట్ చేస్తే గడిలో 6-4-3. స్ట్రైక్ అవుట్‌కి కె అక్షరం. బ్యాట్ ఊపకుండా గుడ్లప్పగించి చూస్తూ అవుటైతే అదే కె తిరగేసి. ఈ తిరగేసిన కె రాసేటప్పుడు అక్క పెదవి కాస్త బిగుస్తుంది, ఎవరి కొడుకైనా సరే. మా మేనల్లుడి గడుల్లోనూ అవి చాలానే ఉన్నాయి, ఒక్కటీ చెరపలేదు.

ఆ సాయంత్రం ఆరున్నరకి వేడుక. కంచె పొడుగునా సీనియర్ల ఫొటోలతో బ్యానర్లు. చూడగానే మన ఊళ్లలో కార్పొరేట్ కాలేజీలు కట్టే ర్యాంకుల ఫ్లెక్సీలే గుర్తొచ్చాయి, కింద అంకెతో సహా. తేడా దగ్గరికెళ్లాక కనిపించింది. మన ఫ్లెక్సీలో ర్యాంకుని బట్టి తలకాయ సైజు మారుతుంది, వెయ్యి దాటినవాడికి చోటే ఉండదు. ఇక్కడ పెద్ద యూనివర్సిటీకి సంతకం చేసిన పిచర్ బ్యానరూ, సీజనంతా బెంచీ దిగని కుర్రాడి బ్యానరూ ఒకే కొలత. అంకె జెర్సీ నంబరు. నాలుగేళ్లు ఉన్నవాడికీ ఒక్క ఏడాది ఉన్నవాడికీ ఒకటే గుడ్డ.

ఒక్కొక్క అబ్బాయి అమ్మానాన్నల మధ్య నడిచి హోమ్ ప్లేట్ దగ్గరికి వస్తాడు. అమ్మకి పూలగుత్తి. మైక్‌లో పేరు, ఎన్నేళ్లు వార్సిటీలో ఉన్నాడు, ఎవరికి కృతజ్ఞత, తరవాత ఏం చేస్తాడు. ఒకడు నేవీలో చేరుతున్నాడు. ఒకడు మామ ఏసీ రిపేరు వ్యాపారంలో. మావాడి వంతు వచ్చేసరికి అక్క కంచిపట్టు చీర మీద స్కూలు జెర్సీ తొడుక్కుంది. ఇంటిపేరుని మైక్ మనిషి శుభ్రంగా పలికాడు. మొదటి ఏడాది ఖూనీ చేసేవాడట, అక్క వెళ్లి కాగితం మీద రాసిచ్చి వచ్చింది. వాడు ఇంజినీరింగ్‌కి వెళ్తున్నాడు, ఆట ఇక్కడితో సరి. ఆ మాట మైక్‌లో విన్నప్పుడు బావ నేలకేసి చూశాడు, వెంటనే ఫొటోకి తలెత్తాడు.

లెటర్ జాకెట్ కూడా తెచ్చారు, ఆ వేడిలో. ఉన్ని జాకెట్టు, ఎడమ రొమ్ము మీద బొచ్చుగుడ్డతో కుట్టిన స్కూలు అక్షరం, ఏడాదికొక గీత. 1865లో హార్వర్డ్ బేస్‌బాల్ జట్టు చొక్కాల మీద హెచ్ అక్షరం పెట్టుకోవడం నుంచి వచ్చిన ఆచారమిది. ఫ్లోరిడాలో అది తొడుక్కునే చలి ఏడాదికి పది రోజులుంటే గొప్ప. అయినా కొనని తల్లిదండ్రులు లేరు.

తెనాలిలో అమ్మ లేచే ఉంది. అక్కడ తెల్లవారుజాము నాలుగు. కంచెకి తగిలించిన ఫోన్ నుంచి యాప్‌లో ఆట ప్రసారమవుతుంది, నాలుగేళ్లుగా చూసి చూసి ఆవిడ నాకంటే ముదిరింది. మూడో ఇన్నింగ్స్‌లో మా పిచర్ వరసగా ఇద్దరికి నాలుగేసి బాల్స్ ఇచ్చి బేస్ మీదికి పంపగానే వీడియో కాల్ చేసింది.

"ఆ పిల్లాడికి చెయ్యి నొప్పేమోనే, మార్చరేం?"

"ఇంకా అరవై కూడా దాటలేదమ్మా" అంది అక్క, గడి మీంచి కళ్లెత్తకుండా.

లెక్క అక్క దగ్గరే ఉంటుంది. 2017 నుంచి హైస్కూలు బేస్‌బాల్ ఆడే ప్రతి రాష్ట్రమూ పిచర్ ఒక రోజులో ఎన్ని బంతులు వేయచ్చో, తరవాత ఎన్ని రోజులు ఆగాలో నియమం పెట్టుకోవాలి. మేజర్ లీగ్ వాళ్ల పిచ్ స్మార్ట్ సూచన 17, 18 ఏళ్లవాళ్లకి రోజుకి 105. మోచేతి లోపలి స్నాయువు తెగితే 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కి చేసిన శస్త్రచికిత్సే ఇప్పటికీ దిక్కు. అప్పుడది ముగిసిపోతున్న కెరీర్‌కి ఆఖరి ప్రయత్నం. ఇప్పుడు హైస్కూలు పిల్లలకి చేస్తున్నారు. గొప్ప కోసం చెయ్యి అరగదీసే తండ్రులూ ఉన్నారు, మా వెనక వరసలో ఒకాయన నూరు దాటినా పర్లేదని కోచ్‌కి వినపడేలా అంటూనే ఉన్నాడు. అక్క స్కోరుబుక్కు మూసి వెనక్కి తిరిగి చూసింది. ఆయన ఊరుకున్నాడు.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఉరిమింది. ఉరుము వినపడితే ఆట ఆపాలి, చివరి ఉరుము తరవాత అరగంట ఆగాలి. ఇది మెరుపుల ఊరు, హాకీ జట్టుకి పేరే లైట్నింగ్. పిల్లలు డగౌట్ వదిలి జిమ్‌లోకి, పెద్దలు కార్లలోకి. నేను తల్లిదండ్రులు నడిపే బూస్టర్ క్లబ్ కొట్లో ఇరుక్కుపోయాను. ఉప్పునీళ్లలో ఉడికించిన వేరుశనక్కాయలు గరిటెతో కప్పుల్లో పోసి అమ్ముతున్న ఒక తల్లి కబుర్లు పెట్టింది. మొగుడు లారీ నడుపుతాడు, ఈ రాత్రికి జార్జియాలో ఉండాలి, లోడు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చాడు. వాళ్లబ్బాయి ఈ సీజన్లో బ్యాట్ పట్టింది తక్కువ. "మీ చెల్లెలు రాసే పుస్తకంలో మావాడి పేజీ ఫొటో తీసుకున్నాను" అంది. అక్క అని సరిదిద్దాను. కప్పుకి డబ్బు తీసుకోలేదు.

తొమ్మిదిన్నరకి మళ్లీ మొదలైంది. హైస్కూల్లో ఏడు ఇన్నింగ్స్‌లే. ఆరో ఇన్నింగ్స్‌లో మావాడు ఒక సింగిల్ కొట్టాడు, ఏడో ఇన్నింగ్స్‌లో కె. తిరగేసిన కె. ఒక్క పరుగు తేడాతో ఓడిపోయారు. అమ్మ అప్పటికి కాఫీ కూడా తాగేసి, అంపైర్‌ని తిట్టి ఫోన్ పెట్టేసింది.

పార్కింగ్‌లో సామాన్లు సర్దుతుంటే కోచ్ వచ్చాడు. ఆయన స్కూల్లో లెక్కల టీచరు. అక్కతో ఏదో మాట్లాడాడు, అక్క తలూపింది. కారెక్కాక అడిగాను.

"వచ్చే ఏడాది కూడా స్కోరు రాస్తారా అని. రాస్తానన్నాను."

"వాడే ఉండడు కదక్కా, నువ్వెందుకు?"

"జేవీలో తొమ్మిదో తరగతి వాడొకడున్నాడు, ఎడంచేతి వాటం. వాడి కర్వ్ బాల్ చూడలేదు నువ్వు" అని, బావతో అంది, "పెన్సిళ్లు అయిపోయాయండీ, దారిలో ఆపండి."